ఒంటె దాహము

హఫీజ్‌పేట వీధిలో ఎప్పుడైన నొక ఒంటె కనబడినచో, పిల్లలు మొదట అడుగునది మూపురమును గూర్చియే. అందులో నీరు దాచుకొనునని పెద్దలు చెప్పుట పరిపాటి. వారిని తప్పు పట్టలేము. మూపురము చూచుటకు కుండవలెనే యుండును. కాని అందున్నది నీరు కాదు, క్రొవ్వు. మేత దొరకని దినములలో ఒంటె దానిని కరగించుకొని బ్రతుకును. క్రొవ్వంతయు ఒకేచోట చేరుటచే తక్కిన దేహమునుండి వేడి సులభముగా వెలికిపోవును.

ఒంటె నేర్పు నీటిని నిలువ చేయుటలో లేదు, పొదుపు చేయుటలో నున్నది. మన ఒంటి వేడి రెండు డిగ్రీలు పెరిగిన వైద్యునికి కబురు పంపుదుము. దప్పిగొన్న ఒంటె దేహము తెల్లవారుజామున 34 డిగ్రీలుండి, మధ్యాహ్నమునకు సుమారు 41 డిగ్రీల వరకు పెరుగును. అంతదాక అది చెమటకు నీరు వెచ్చింపదు. 500 కిలోల ఒంటెకు ఈ విధముగా దినమునకు సుమారు 5 లీటర్ల నీరు మిగులును. పగలు చేరిన వేడిని రాత్రి చల్లగాలి ఊరకే తీసికొనిపోవును. 1953-54లో ష్మిట్ నీల్సన్ అను శాస్త్రజ్ఞుడు సహారా ఎడారిలోని బెనీ అబ్బెస్ వద్ద దీనిని కొలిచి చూచెను. ఉన్ని కత్తిరించిన ఒంటెకు చెమట సగమంత ఎక్కువైనదట! ఆ ఉన్ని దానికి కంబళి కాదు, గొడుగు.

ఎడారి యెండలో మనిషి తన బరువులో ఎనిమిదవ వంతు నీరు కోల్పోవుసరికి రక్తము చిక్కబడి ప్రాణాపాయము కలుగును. ఒంటె నాలుగవ వంతు కోల్పోయియు నడవగలదు. నష్టమునకు కావలసిన నీటిని అది ఎక్కువగా రక్తమునుండి కాక, తక్కిన దేహభాగములనుండి తీయును. అయినను దాహమును ఓర్చుకొనుట వేరు, దాహము లేకుండుట వేరు. నీరు దొరికినంతనే 10, 15 నిమిషములలో 100 లీటర్ల వరకు త్రాగును. రక్తము హఠాత్తుగా పలుచనైనచో అనేక జంతువుల ఎర్రకణములు పగిలిపోవును. ఒంటెకుగల కోలకణములు రెండింతలకు మించి ఉబ్బియు పగులవు.

ఈ ఏర్పాటంతయు పొడినేలకు తగినది. మన నగరములో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఎండ కాసినది. థార్ ఎడారి ఒంటెకు అది క్రొత్త కాదు. దానికి ఇచ్చట కష్టము వానాకాలము. ఇసుకలో దిగబడకుండ కాపాడు వెడల్పు మెత్తని పాదములు తడి బంకమట్టిలో జారి, కాళ్లు ఎడముగా చీలిపోవును. వానలతో పెరుగు జోరీగలు సర్రా అను రక్తరోగమును ఒకదానినుండి మరియొకదానికి చేర్చును.

దేశములో 2012 గణనలో 4 లక్షలున్న ఒంటెలు 2019 నాటికి రెండున్నర లక్షలైనవి. రాజస్థాన్ ప్రభుత్వము 2014లో ఒంటెను రాష్ట్రజంతువుగా ప్రకటించి, 2015లో దాని వధను నిషేధించి, రాష్ట్రము దాటించుటపై కట్టడి విధించెను. అయినను బక్రీదుకు ముందు వేయి కిలోమీటర్లకు పైగా దాటించి హైదరాబాదుకు తెచ్చినవి పట్టుబడి, తిరిగి రాజస్థానునకు పంపబడిన సందర్భములు కలవు. అట్టి ఒంటె మన వాకిట నిలిచినచో, అది ఎడారి జంతువు గదా యని ఊరకుండక, తొట్టెడు నీరును, నిలుచుటకు పొడినేలయు చూపవలెను. బకెట్టు నీరు దానికి గుటకలోనికే వచ్చును.