గొంతు మీది, గంటలు ఏజెన్సీవి

చైనాలో ఫోను ముందు కూర్చుని లైవ్‌లో పాడుతూ, మాట్లాడుతూ సంపాదించేవారిలో చాలామంది ఏజెన్సీల కింద పనిచేస్తారు. నెలకిన్ని రోజులు, రోజుకిన్ని గంటలని ఒప్పందం. ప్రేక్షకులు పంపే కానుకల్లో ఏజెన్సీకి వాటా. ఎవరిని ఎక్కువమందికి చూపాలో అల్గారిథం నిర్ణయిస్తుంది. వెనకబడతామన్న భయంతో, పోటీల్లో అరుస్తూ అర్ధరాత్రి దాటేదాకా కూర్చుంటారు. 1994 నాటి అక్కడి కార్మిక చట్టం రోజుకు 8 గంటలన్నా, 'సహకార ఒప్పందం' మీద సంతకం చేసినవారికి సాధారణంగా ఆ రక్షణ అందదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇటువంటి పనికి దిగారా? గంటకోసారి గొంతుకు విశ్రాంతినివ్వమనండి. గుసగుసలాడటం విశ్రాంతి కాదు, అదీ శ్రమే. తరచు మంచినీళ్లు తాగాలి. కనీసం 7 గంటలు నిద్రపోవాలి. బొంగురు 3 వారాలు దాటితే గొంతు డాక్టరుకు చూపించండి. సంతకానికి ముందే పని గంటలు, సెలవులు, మధ్యలో మానేస్తే కట్టవలసిన పరిహారం గురించి తెలిసినవారిచేత చదివించుకోండి.