కుందేలు చర్మము – మనిషి చర్మము

ప్రతిదినము మన చేతికి తగులు పదార్థములను ఒకసారి లెక్కించి చూతము. తెల్లవారగనే పండ్లపొడి, పిమ్మట స్నానపు సబ్బు, బట్టలుతుకు పొడి, గచ్చు కడుగు ఫినాయిలు, తలకు పూయు రంగు, పొలమున చల్లు పురుగుమందు – ఇవి యన్నియు రసాయన పదార్థములే. వీనిలో ఏది చర్మమునకు హాని చేయదో, ఏది మంట పుట్టించునో, ఏది కాల్చివేయునో ముందుగా తెలిసికొనుట యెట్లు? వాడి చూచి తెలిసికొందమన్నచో ఆ తెలివికి మన చర్మమే మూల్యమగును. మనకు బదులు మరియొక ప్రాణిమీద చూతమన్నచో ఆ ప్రాణి పడు బాధకు మనము జవాబు చెప్పవలసియుండును. ఈ రెండు చిక్కుల నడుమ సుమారు ఎనుబది యేండ్లుగా శాస్త్రము నడచివచ్చిన త్రోవను ఇచ్చట వివరింపదలచితిమి.

మొదట చర్మము సంగతి. మన చర్మము పైపొర నిర్జీవ కణములతో ఏర్పడినది. గోడలో ఇటుకల నడుమ సున్నము వలె ఆ కణముల నడుమ క్రొవ్వు పదార్థము నిండియుండును. ఈ గోడ గట్టిగా నున్నంతకాలము వెలుపలి పదార్థములు సులభముగా లోనికి చొరలేవు. ఘాటైన సబ్బు గాని, సోడా గాని ఆ క్రొవ్వును తొలగించినపుడు గోడ బలహీనపడి, ఆ పదార్థము లోనికి దిగి సజీవ కణములను బాధించును. అవి ఆపద సంకేతములను పంపగనే రక్తనాళములు వెడల్పగును. అందుచే చర్మము ఎర్రబడును. నాళములనుండి నీరు ఊరును, అందుచే వాచును. దీనిని మనము ‘మంట’ అందుము. కారణము తొలగినచో ఇది క్రమముగా తగ్గిపోవును.

దీనిని పోలియున్నను దీనికంటె వేరైనవి మరి రెండు కలవు. మొదటిది ‘కాలుట’. గాఢమైన ఆమ్లము తగిలినచోట చర్మము చచ్చిపోవును. మానినను మచ్చ మిగులును. రెండవది ‘పడకపోవుట’. ఒకే తలరంగు నలుగురు వాడగా ముగ్గురికి ఏమియు కాక, నాలుగవవానికి ముఖమంతయు వాచును. ఇది ఆ మనిషి శరీరము ఆ పదార్థమును శత్రువుగా గుర్తుంచుకొనుటచే కలుగునది. ఈ మూడింటిని వేరు వేరుగా పరీక్షింపవలసియున్నది. ఒకదాని పరీక్ష మరియొకదానికి చెల్లదు.

ఇక చరిత్రకు వత్తము. 1930 తరువాతి యేండ్లలో అమెరికాలో ‘లాష్ లూర్’ అను పేర కనురెప్పల వెండ్రుకలకు వేయు రంగు ఒకటి అమ్మకమునకు వచ్చినది. అందులోని పారాఫినిలీన్ డయమీన్ అను రసాయనము వలన కొందరు స్త్రీల కన్నులు తీవ్రముగా దెబ్బతిన్నవి; చూపు పోయినవారును కలరు. నాటి 1906 చట్టము ఆహారమును, ఔషధములను గూర్చినదే గాని సౌందర్య సాధనముల జోలికి పోలేదు. కనుక ప్రభుత్వమున కా రంగును ఆపు అధికారము లేకపోయినది. 1938లో వచ్చిన క్రొత్త చట్టము ఆ లోటు తీర్చినది. అయితే అధికార మొక్కటియే చాలదు. ఏది హానికరమో చెప్పుటకు కొలబద్ద కావలెను. అమెరికా ఆహార ఔషధ పాలన శాఖలోని జాన్ డ్రెయిజ్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి అట్టి కొలబద్దను 1944లో ప్రకటించెను. అది ఆయన పేరనే డ్రెయిజ్ పరీక్షగా ప్రసిద్ధి చెందినది.

ఆ పరీక్షకు తెల్ల కుందేళ్ళను ఎన్నుకొనిరి. తెల్ల చర్మముమీద ఎర్రదనము స్పష్టముగా కనబడును, కుందేలు సాధుజంతువు, దాని వీపు వెడల్పైనది. వీపుమీది బొచ్చు కత్తిరించి, అర మిల్లీలీటరు ద్రవమునుగాని అర గ్రాము పొడినిగాని ఆ చోట నుంచి, పైన పట్టీ కట్టుదురు. తొలి పద్ధతిలో ఈ పట్టీ 24 గంటలు ఉండెడిది. కొన్నిచోట్ల చర్మమును ముందుగా గీరి గూడ పరీక్షించెడివారు. పట్టీ తీసినపిమ్మట ఎర్రదనమునకు సున్న మొదలు 4 వరకు, వాపునకు సున్న మొదలు 4 వరకు గుణములు వేయుదురు. కనీకనబడని ఎరుపునకు 1; బీటుదుంప వలె కందిపోయినచో 4. వాపు ఒక మిల్లీమీటరు ఎత్తు లేచినచో 3. అంతకు మించి ప్రక్కలకు వ్యాపించినచో 4.

ఈ పద్ధతివలన కలిగిన మేలును తక్కువ చేయరాదు. అంతవరకు ‘కొంచెము ఘాటు’, ‘మిక్కిలి ఘాటు’ అని చెప్పుకొనుచున్న సంగతికి ఒక అంకె దొరికినది. పనివారి రక్షణకు, సీసాలపై హెచ్చరికలకు ఆ అంకెయే ఆధారమయ్యెను.

కాని అంకె యనగనే నిశ్చయమని తలపరాదు. ఎరుపును చూచి గుణము వేయునది మనిషి కన్ను. ఒకరికి 2గా తోచినది మరియొకరికి 3గా తోచును. 1971లో వైల్, స్కాలా అను శాస్త్రజ్ఞులు ఒకే పదార్థములను అనేక ప్రయోగశాలలకు పంపి పరీక్షింపజేయగా, ఫలితములలో పెద్ద వ్యత్యాసములు కనబడెను. అంతకంటె మూలమైన చిక్కు మరియొకటి కలదు. కుందేలు చర్మము మన చర్మముకంటె పలుచన; పదార్థములను త్వరగా లోనికి పీల్చును. అందుచే మనకు ఏమియు చేయని పదార్థము దానికి మంట కలిగింపవచ్చును. మనము అడిగినది కుందేలు చర్మమును. జవాబు కోరినది మనిషి చర్మము గూర్చి. మాటలాడలేని జంతువు ఈ నడుమ అనుభవించిన బాధ సరేసరి.

ఈ ఆలోచనకు 1959లోనే రస్సెల్, బర్చ్ అను ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఒక రూపము నిచ్చియుండిరి. వీలైనచోట జంతువునకు బదులు వేరు సాధనము వాడుము. వాడక తప్పనిచో సంఖ్య తగ్గింపుము. తగ్గించినపిమ్మట బాధను తగ్గింపుము – ఇవి వారి మూడు సూత్రములు. కాలక్రమమున పరీక్షా నియమములు ఆ దిశగానే మారెను. 24 గంటల పట్టీ 4 గంటలకు తగ్గినది. ఆరు కుందేళ్ళు మూడయ్యెను. అందును మొదట ఒక్కదానిమీదనే చూడవలెనన్నారు. మిక్కిలి గాఢమైన ఆమ్లములు, క్షారములు చర్మమును కాల్చునని రసాయన శాస్త్రమే చెప్పుచుండగా, ఆ సంగతిని జంతువుమీద మరల చూడనక్కరలేదని నిర్ణయించిరి.

పిమ్మట వచ్చినది అసలైన మలుపు. శస్త్రచికిత్సలలో తీసివేసిన చర్మమునుండి, దాతల అనుమతితో, కణములను గ్రహించి వానిని గిన్నెలలో పెంచుదురు. క్రింద పోషక ద్రవము, పైన గాలి తగులునట్లు ఉంచగా కొన్నిదినములలో ఆ కణములు పొరలు పొరలుగా ఎదిగి, పైన నిర్జీవమైన పొరతో సహా మనిషి చర్మము వంటి చిన్న బిళ్ళ తయారగును. దానిపై పరీక్షింపవలసిన పదార్థమును కొలది నిమిషములుంచి కడిగివేయుదురు. సుమారు 42 గంటల తరువాత ఎంటీటీ అను పసుపుపచ్చని రసాయనమును చేర్తురు. బ్రతికియున్న కణములు దానిని ఊదారంగుగా మార్చును, చచ్చినవి మార్చలేవు. రంగును యంత్రము కొలుచును. సగమునకు మించి కణములు బ్రతికియున్నచో ఆ పదార్థము మంట కలిగింపనిదని, లేనిచో మంట కలిగించునదని తీర్పు. ఓఈసీడీ అను అంతర్జాతీయ సంస్థ 2010లో ఈ పద్ధతిని తన పరీక్షా నియమములలో చేర్చినది.

దీనికిని హద్దులు కలవు. ఆ బిళ్ళలో రక్తనాళములు లేవు; కనుక అది ఎర్రబడదు, వాపు తేలదు. పడకపోవుటను గూర్చి అది చెప్పజాలదు. కాల్చు పదార్థమును మంట పెట్టుదానినుండి వేరుచేయుటకు మరియొక పరీక్ష కావలెను. అయినను అది మనిషి కణములతో చేసినది. ప్రశ్న అడిగినచోటనే జవాబు దొరకుచున్నది. జంతువుమీద దయతో మొదలైన వెదకులాట మనిషికి మరింత దగ్గరైన జవాబును తెచ్చుట ఇందలి విశేషము.

చట్టములును ఈ త్రోవనే అనుసరించినవి. జంతువులమీద పరీక్షించిన సౌందర్య సాధనముల అమ్మకమును ఐరోపా సమాఖ్య 2013లో పూర్తిగా నిషేధించినది. మన దేశము 2014లో అట్టి పరీక్షలను, అట్లు పరీక్షించిన సరకుల దిగుమతిని నిషేధించినది. హైదరాబాదులో సీసీఎంబీకి చెందిన అటల్ ఇంక్యుబేషన్ కేంద్రములో మానవ కణములతో చేయు ఇట్టి పరీక్షల అభివృద్ధికి ఒక విభాగము నెలకొల్పబడినది. అయితే ఈ నిషేధము సౌందర్య సాధనములకు సంబంధించినదే. ఔషధములకు, పురుగుమందులకు వేరు నియమములు కలవు.

ఇక ఇంటి మాట. ప్రయోగశాల ఎంత శ్రద్ధ వహించినను, ఏ పదార్థము ఎవరికి పడదో ముందుగా చెప్పలేదు. ‘లాష్ లూర్’లోని ఆ రసాయనమే తలకు వేయు పెక్కు రంగులలో తగిన మోతాదులో నేటికిని ఉన్నది. కనుక రంగు వాడుటకు ముందు పొట్లముమీది సూచనల ప్రకారము చర్మముమీద కొంచెము పూసి, రెండు దినములు వేచి చూడవలెను. దురదగాని వాపుగాని కలిగినచో ఆ రంగును మానవలెను. ఆమ్లము మీద పడినచో తడిసిన బట్ట తొలగించి, వెంటనే ధారాళముగా మంచినీటితో చాలసేపు కడిగి, వైద్యుని చూడవలెను. దానిపై సున్నముగాని సోడాగాని వేయరాదు.

సీసామీది చిన్న అక్షరముల హెచ్చరికను మనము తరచు చదువక విడుతుము. ఆ ఒక్క పంక్తి వెనుక ఎందరో స్త్రీల కన్నీరును, లెక్కకు మించిన కుందేళ్ళ బాధయు, దానిని తగ్గింపవలెనని పట్టుబట్టినవారి కృషియు ఉన్నవి. దానిని చదివి పాటించుట మన చర్మమునకే గాక, ఆ ఋణమునకును మనము చేయదగిన మర్యాద.