పోపుగారి చెవి... మన ఊరి మాట!

ఫిబ్రవరి వస్తే చాలు... కంకిపాడు మీదుగా బెజవాడ వెళ్లే బస్సుల్లో గుణదల యాత్రికుల సందడి మొదలవుతుంది. 9, 10, 11 తేదీల్లో మరియమాత ఉత్సవాలు మరి. ఆ జనంలో ఎవరినైనా ఆపి, 'మీ బిషప్‌ను నియమించేదెవరు?' అని అడగండి. 'పోపుగారు' అని ఠక్కున చెబుతారు. నిజమే. మరి ఎక్కడో రోమ్‌లో ఉండే పోపుగారికి కృష్ణా జిల్లా గురువుల మంచిచెడ్డలు ఎలా తెలుస్తాయి?

తెలిపే మనిషి ఒకరున్నారు. ఢిల్లీ చాణక్యపురిలో ఉండే పోపు రాయబారి. చర్చి భాషలో 'నున్షియో'. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఆయన హోదా ఏ దేశ రాయబారికీ తీసిపోదు. కాకపోతే ఆయన దగ్గర అమ్మడానికి ఆయుధాలుండవు, అప్పివ్వడానికి డబ్బుండదు. ఆయన పనల్లా ప్రభుత్వంతో మాట్లాడటం, స్థానిక చర్చి గోడు వినడం, విన్నది రోమ్‌కు చేరవేయడం.

ఈ కొలువులో మన పొరుగువారూ ఉన్నారు. తమిళనాడుకు చెందిన జార్జ్ ఆంటోనిసామి 2005లో పశ్చిమాఫ్రికాకు నున్షియోగా వెళ్లారు. ఒకటి కాదు, మూడు దేశాలకు... లైబీరియా, సియెరా లియోన్, గాంబియా. సియెరా లియోన్‌లో అంతర్యుద్ధం ముగిసింది 2002లో. లైబీరియాలో 2003లో. గాంబియా జనంలో 90 శాతానికి పైగా ముస్లింలు. మూడుచోట్లా కతోలికులు కొద్దిమందే. ఆయన అక్కడున్న కాలంలోనే, 2007లో, మన సీఆర్పీఎఫ్ మహిళా దళం ఐక్యరాజ్యసమితి తరఫున లైబీరియాలో కాలుపెట్టింది. వాళ్లది తుపాకీతో కాపలా. ఈయనది మాటతో కొలువు. 2012 నవంబరులో ఆయన్ని మద్రాసు-మైలాపూర్ ఆర్చిబిషప్‌గా నియమించారు.

అంటే ఆఫ్రికా చర్చి గోడు వినడానికి ఓ భారతీయుడు, మన గోడు వినడానికి ఓ విదేశీయుడు! బయటివాడైతే బంధుత్వాలూ ముఠాలూ అంటవన్నది ఇందులోని సుగుణం. ఊరి సంగతులు ఇంకొకరు చెబితేగానీ తెలియవన్నది చిక్కు.

ఖాళీ అయిన పీఠానికి నున్షియో సాధారణంగా మూడు పేర్లు రోమ్‌కు పంపుతారు. అంతకుముందు ఆ ప్రాంతపు బిషప్‌లను అడగాలి, మేత్రాసనంలోని కొందరు గురువుల మాట వినాలి. అంతా రహస్యం. మరి విశ్వాసుల మాటో? 1983 నాటి చర్చి చట్టం దానికీ వీలు కల్పించింది. కాకపోతే... నున్షియోకు అవసరమనిపిస్తేనే!

అసలు ముడి అక్కడే ఉంది. తెలుగు కతోలికుల్లో దళితులే ఎక్కువ. పీఠాల దగ్గరకొచ్చేసరికి తమను పక్కన పెడుతున్నారన్నది వారి ఏళ్లనాటి ఆవేదన. 2020లో హైదరాబాద్ ఆర్చిబిషప్ అయిన పూల ఆంథోనీ, 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్ ఆయనే, తొలి దళిత కార్డినలూ ఆయనే. ఆ కబురు ఎన్నో పల్లెల్లో పండగ తెచ్చింది. కానీ ఒక్క ఎర్ర టోపీతో లెక్క సరిపోతుందా?

2013లో తెలగతోటి జోసఫ్ రాజారావు విజయవాడ బిషప్‌గా వచ్చినా, రేపు ఇంకొకరు వచ్చినా కబురు నడిచే దారి ఇదే. ఆ దారిలో కంకిపాడు విచారణలోని ఓ కూలితల్లి మాట కూడా ఢిల్లీ దాకా వెళ్లాలంటే చట్టం అడ్డేమీ కాదు.

ఎవరో ఒకరు ఆమెను అడగాలి. అంతే!