కంటిలో పెరుగు చెడు రక్తనాళములు – వానికి వచ్చిన క్రొత్త మందులు

తుర్కయాంజాల్, ఇబ్రహీంపట్నం ప్రాంతములలో చెరువు క్రింద సేద్యము చేసిన పెద్దలకు ఈ విషయము సులభముగా బోధపడును. చివరి మడికి నీరందనప్పుడు రైతు తొందరపడి పిల్లకాలువ త్రవ్వును. గట్టు గట్టిది కానందున అది తెగి పైరును ముంచును. చక్కెర వ్యాధి ఏండ్ల తరబడి యున్నవారి కంటిలో జరుగునదియు ఇట్టిదే. కంటి వెనుక నుండు రెటీనా అను పలుచని పొరకు రక్తము తెచ్చు సన్నని నాళములు చెడిపోవును. రక్తమందని భాగము వి.ఇ.జి.ఎఫ్. అను పదార్థమును విడుదల చేయును. దాని ప్రేరణచే క్రొత్త నాళములు మొలచును గాని, అవి మిక్కిలి బలహీనములు. అవి కారి, చిట్లి, తుదకు ఆ పొరనే ఊడదీయవచ్చును. నొప్పి యుండదు; మొదట చూపును తగ్గదు. మోసమంతయు ఇందే యున్నది.

ఈ పదార్థమును అమెరికాలో ఫెర్రారా అను శాస్త్రజ్ఞుడు 1989లో వెలికితీసెను. దానిని అణచు బెవాసిజుమాబ్ అను మందుకు 2004లో అచ్చట ఆమోదము లభించినది పెద్దప్రేగు క్యాన్సరుకే గాని కంటికి కాదు. మరుసటి యేడు మయామీ నగరములో రోజెన్‌ఫెల్డ్ అను వైద్యుడు దానినే కంటిలోనికి ఎక్కించి చూచెను. కంటికి కావలసినది 0.05 మిల్లీలీటరు మాత్రమే గనుక ఒక సీసాను పలువురికి పంచవచ్చును, వెల తగ్గును. పంచునప్పుడు శుభ్రత లోపించినచో కన్నే పోవుననుటయు నిజమే. కంటికొరకే తయారైన రానిబిజుమాబ్ 2006లో వచ్చినది. దానికి సమానమైన మందును 2015 నుండి మన దేశములోనే తయారుచేయుచున్నారు.

అయితే ఇది ఒక్క సూదితో తీరునది కాదు. మందు ప్రభావము కొన్ని వారములలో తగ్గును. మొదట నెలకొకసారి పోవలెను. పోయిన ప్రతిసారి రోగికి, తోడు వచ్చినవానికి గూడ దినపుకూలి పోవును. చూపు కొంత తేటపడగానే మానివేయువారు ఇందుచేతనే కలరు. వారికి మరల రక్తస్రావమై, అటుపిమ్మట ఏ మందును పనిచేయని స్థితి రావచ్చును. ఎక్కువకాలము పనిచేయు మందుకై జరుగుచున్న పరిశోధనకు మూలమిదే. 2022లో అమెరికాలో ఆమోదము పొందిన ఫారిసిమాబ్‌ను కొందరికి నాలుగు నెలలకొకసారి ఇచ్చిన చాలును. లేజరు చికిత్సయు నేటికిని వాడుకలో నున్నది.

చక్కెర రోగులు చూపు బాగున్నను ఏడాదికొకసారి రెటీనా పరీక్ష చేయించుకొనవలెను. పరీక్షకు ముందు వేయు చుక్కల మందువలన కొన్ని గంటలు కన్ను మసకగా నుండును. తోడుమనిషి వెంట నుండుట మేలు. నెలలు నిండక పుట్టిన శిశువులకును ఇట్టి నాళములే పెరుగవచ్చును. 34 వారములకు ముందు పుట్టిన బిడ్డలకు, 2 కిలోలకు తక్కువ బరువున్నవారికి పుట్టిన 30 దినములలోపల ఈ పరీక్ష జరుగవలెను. హైదరాబాదు మెహదీపట్నములోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలోను, బంజారాహిల్సులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోను రెటీనా వైద్యులు కలరు. పోవునప్పుడు చక్కెర పరీక్షల చీటీలు వెంట తీసికొనిపోవలెను.