పుట్టినరోజు విందునకు హోటలు

పుట్టినరోజును మన పెద్దలు తిథినిబట్టియో, జన్మనక్షత్రమునుబట్టియో జరుపుకొనుచుండిరి. తలంటి నీళ్లు పోసి, క్రొత్తబట్ట కట్టించి, దేవునియెదుట దీపము వెలిగించి, పాయసము నైవేద్యము పెట్టి, పెద్దలకు మ్రొక్కించుటతో వేడుక ముగిసెడిది. తరువాత ఇంగ్లీషు తేదీ వచ్చినది. దాని వెంట కేకు వచ్చినది. కేకు వెంట సాయంకాలపు హోటలు భోజనము వచ్చినది. దీనిని తప్పనుటకు మేము పూనుకొనలేదు. ఉదయమున పాయసమునకును, సాయంకాలమున హోటలునకును ఒకే యింట చోటున్నది. అయితే ఏ హోటలునకు పోవలెనను మాట వచ్చినప్పుడు ఇండ్లలో జరుగు చర్చ యెట్టిదో సోదరీమణు లెరుగనిది కాదు. పిల్లలొకటి చెప్పుదురు, మగవారొకటి చెప్పుదురు. పుట్టినరోజు ఎవరిదో వారి నడుగుటమాత్రము మరతుము. అది ఇల్లాలి పుట్టినరోజైనచో ఈ మరపు మరింత సులభము.

మా యింట జరిగినదే చెప్పెదము. మాది చిత్తూరు జిల్లాలోని ఐరాల. వరసిద్ధి వినాయకుడు వెలసిన కాణిపాకము మా మండలములోనిదే. మా అత్తగారికి డెబ్బదియేండ్లు నిండిన దినమున, ఇది సామాన్యమైన పుట్టినరోజు కాదనియు, తిరుపతిలో పేరున్న పెద్ద హోటలునకు పోవలెననియు ఇంటిల్లిపాదియు తీర్మానించితిమి. కాణిపాకమునుండి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. పోయి చూడగా భోజనపు హాలు రెండవ అంతస్తున నున్నది. లిఫ్టు పనిచేయకుండెను. మోకాళ్ల నొప్పి గల ఆమె మెట్టుమెట్టునకు నిలిచి యెక్కవలసివచ్చెను. బల్ల దొరకుటకు ముప్పావుగంట పట్టినది. వచ్చిన వంటకముల పేర్లు ఆమె యెరుగదు. కారము నోరు కాల్చినది. పాటల మ్రోతలో ఒకరిమాట ఒకరికి వినబడలేదు. ఇల్లు చేరునప్పటికి రాత్రి పదునొకండు దాటెను. ఆమె యెవరిని ఏమియు అనక, వంటయింటిలోనికి పోయి యింత పెరుగన్నము కలుపుకొని తినెను. మరునాడు తెల్లవారగనే యథాప్రకారము పెనము పొయ్యిమీద పెట్టి మా కందరికి దోసెలు పోసెను.

మరుసటి సంవత్సరము మాకు కొంత బుద్ధివచ్చి ముందుగా ఆమెనే అడిగితిమి. "అత్తా, ఈ తూరి మీరే చెప్పండి, యాడికి పోదాం?" అంటిమి. "నాకేమిటికమ్మా ఇవన్నీ!" అని ఆమె మొదట త్రోసివేసెను. ఇల్లాండ్రు మొదట చెప్పు జవాబెల్లప్పుడును ఇదియే గనుక మేము విడువక మరల అడిగితిమి. అప్పుడామె కొంచెము నవ్వి, "యాడికైనా ఒకటే. పెనం మీంది దోసె నా ముందరికి రావల్ల. నేను మధ్యలో లేయకుండా తినల్ల" అనెను.

ఆ మాట విని మేమందరమును కొంతసేపు ఊరకుంటిమి. కాపురమునకు వచ్చిననాటినుండి ఆమె పోసిన దోసెల కెవరు లెక్క చెప్పగలరు? మొదటిది మామగారికి, తరువాతివి పిల్లలకు, ఆపైన కోడండ్రకు, వచ్చినపోయినవారికి. కడపటి పిండితో పోసిన చల్లారిన దోసె తనకు. వేడిదోసె యెట్లుండునో లోకమునకు చెప్పగలిగిన ఆమె తాను దానిని కూర్చుండి తినియుండలేదు. మేము తిరుపతిలో ఆమెకు గొప్ప విందు పెట్టితిమనుకొంటిమి. ఆమెకు కావలసిన విందుమాత్రము పెట్టలేకపోతిమి.

వడ్డించు చేతికి ఆ యొక్కదినమైనను విశ్రాంతి నిచ్చి, విస్తరిముందు కూర్చుండబెట్టుటయే పుట్టినరోజున హోటలునకు పోవుటలోని సారము. హోటలు నెన్నుకొనుటకు మొదటి సూత్రము ఇదియే; తక్కినవన్నియు దీనివెనుకనే నడువవలెను.

డబ్బిచ్చి భోజనము చేయుట మనకు క్రొత్తది కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామములో ఓరుగంటి పూటకూటింటి వర్ణన కలదు. ఒక్క రూకకు మేలైన అన్నము, గోధుమ పిండివంట, పంచదార, క్రొత్త నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు అచట దొరకెడివట. పూటకూళ్లమ్మ వండి వడ్డించినను, తినుటకు పోవువారు బాటసారులు, మగవారు. తరువాత కాఫీహోటళ్లు వచ్చినప్పుడును కుటుంబస్త్రీలు వానిలో అడుగుపెట్టుట అరుదు. పెట్టినను తెరచాటు గదిలోనే. మద్రాసు రాజధానిలోని పెక్కు హోటళ్లలో కులమునుబట్టి వేరుపంక్తులుండెను. కొందరికి లోనికి ప్రవేశమే లేకుండెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున మతము, జాతి, కులము, స్త్రీ పురుష భేదము, పుట్టినచోటు అను కారణములచేత హోటళ్లలోనికి ఎవరి ప్రవేశమును అడ్డగింపరాదని శాసించినది. నేడు మనము పిల్లాపాపలతో నిస్సంకోచముగా పోయి కూర్చుండు బల్ల ఇట్లు లభించినది. కావున అచట మనతో వచ్చిన పనిమనిషినిగాని, కారు నడపినవానినిగాని బయట నిలుపక ఒక పంక్తిని కూర్చుండబెట్టుకొనుట మన ధర్మము.

ఇక ఎన్నికలో గమనింపవలసిన విషయములు.

మొదటిది దూరము. పల్లెవారికి విందుకంటె తిరుగుప్రయాణము పెద్దది. కాణిపాకమునుండి చిత్తూరు సుమారు 11 కిలోమీటర్లే గనుక మావంటివారికి చిత్తూరు అనుకూలము. వినాయకచవితి మొదలు 21 దినములు కాణిపాకమున ఉత్సవములు జరుగును. ఆ దినములలో పుట్టినరోజు వచ్చినచో బాటలోని రద్దీని తలచుకొని పెందలకడ బయలుదేరవలెను.

రెండవది కూర్చుండు చోటు. పెద్దలున్న కుటుంబము మెట్లులేని చోటునే వెదకవలెను. చేతులు కడుగుకొను తొట్టి దగ్గరగా నున్నదా, స్త్రీలకు మరుగుదొడ్డి శుభ్రముగా నున్నదా యని ముందుగా ఒకరు పోయి చూచిరావలెను. ఈ రెండవ ప్రశ్న అడుగుటకు మనము సిగ్గుపడుదుము. తరువాత కష్టపడువారమును మనమే.

మూడవది భోజనము. మా ప్రాంతమున శనివారము మాంసము ముట్టని యిండ్లు పెక్కు. పుట్టినరోజు ఆ వారమున వచ్చినచో సంగటి, నాటుకోడి పులుసు కోరు మగవారు మరునాటివరకు ఓపిక పట్టవచ్చును. చక్కెరవ్యాధి గలవారికి, పండ్లు లేనివారికి, కారము తినని పసివారికి తగిన వంటకము ఒక్కటైనను అచట ఉండవలెను. పట్టికలో నూరు పేర్లున్నను మన పంక్తిలో ఒకరు ఆకలితో లేచినచో అది మంచి హోటలు కాదు.

నాలుగవది శుచి. చిత్తూరువారికి పొరుగూరివంటిదైన బెంగుళూరులో మావళ్లి టిఫిన్ రూమ్స్ అను ఫలహారశాల 1924లో వెలసినది. దాని నడపిన యజ్ఞనారాయణ మయ్య 1951లో యూరపు ఖండమునకు పోయి, అచటి హోటళ్ల శుభ్రతను చూచివచ్చి, తన వంటయింటిని తినవచ్చినవారు చూచునట్లు ఏర్పాటుచేసెను. వంటయిల్లు చూపుటకు వెరవని హోటలు సగము పరీక్షలో నెగ్గినట్లే. 2006 నాటి ఆహారభద్రతా చట్టము ననుసరించి ప్రతి హోటలును అనుమతి పొందవలెను. ఆ 14 అంకెల సంఖ్య గోడమీద కనబడవలెను. 2022 జనవరి 1నుండి బిల్లుమీదను ఉండవలెను.

ఐదవది ఖర్చు. పట్టికలోని ధరలు ముందే చూచి ఇంత మించరాదని నిశ్చయించుకొనుట గృహిణికి తెలిసిన విద్యయే. సాధారణపు హోటళ్లలో భోజనముపై జి.ఎస్.టి. నూటికి 5 వంతున పడును. సర్వీసు చార్జీ యను పేర మరికొంత తమంతట తాము బిల్లులో చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న నిర్దేశించినది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించినది. చేర్చినచో తీసివేయుమని మర్యాదగా చెప్పవచ్చును; వినకున్నచో 1915 అను నంబరునకు ఫోనుచేసి ఫిర్యాదు చేయవచ్చును. వడ్డించిన పిల్లవానికి సంతోషముగా ఇచ్చునది వేరు.

ఈ పరీక్షలన్నియు ముగించి మేము చిత్తూరులో ఒక చిన్న టిఫిను హోటలు నెన్నుకొంటిమి. దీపాల అలంకారము లేదు, పాటలు లేవు. నేలమీదనే హాలు; పెనము కూర్చున్నచోటికి కనబడును. ఉదయమున ఇంట పాయసము మేము చేసితిమి. ఆమెను పొయ్యిదగ్గరకు రానీయలేదు. సాయంకాలము ఆరుగంటలకు పోతిమి. పెనముమీదినుండి ఎఱ్ఱగా కాలిన దోసె నేరుగా ఆమె ఆకులోనికి వచ్చెను. ఆమె దానిని ముట్టక, అందరికిని వచ్చినదా యని చుట్టుచూచి, మనుమని ఆకు ఖాళీగా నుండుట కనిపెట్టి, అలవాటుచొప్పున లేవబోయెను. మేము చేయిపట్టి కూర్చుండబెట్టితిమి. "నువ్వు తిను అవ్వా, నాది వస్తా వుండాది" అని మనుమడనెను. ఆమె తినెను. రెండు తిని మూడవది అడిగెను. ఇంటికి వచ్చునప్పుడు, "చెనక్కాయల చట్నీలో వుప్పు చాల్లేదు" అని తీర్పుచెప్పెను.

సోదరీమణులారా! మీ యింట పెద్దామెకు ఎప్పుడు పుట్టినరోజు వచ్చునో కనుగొనుడు. ఏమి తినవలెనని యున్నదో అడుగుడు. ఏమియు వద్దన్నచో మరియొకసారి అడుగుడు. మీ పుట్టినరోజున మిమ్ము నడిగినప్పుడు మీరును మొదటిసారియే నిజము చెప్పుడు. తరువాత హోటలు నెన్నుకొనుట కష్టము కాదు.