మోడెమ్ పని మోడెమ్‌కే వదిలేద్దాం

హాల్లో టీవీ పక్కన మోడెమ్. ఎదురుగా సోఫాలో కూర్చుంటే నెట్ పరుగెడుతుంది. అదే ఫోను పట్టుకుని చివరి బెడ్‌రూమ్‌లోకి వెళ్తే వీడియో మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో ఇది రోజూ ఉండే గొడవే. దీనికి ఎక్కువమంది చేసే మొదటి పని కంపెనీకి ఫోన్ చేసి ప్లాన్ పెంచమనడం. 100 ఎంబీపీఎస్ ఉన్నది 300 అవుతుంది, బిల్లూ పెరుగుతుంది, చివరి గదిలో చక్రం మాత్రం అలాగే తిరుగుతుంది. ఆనకట్ట దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలినా పిల్లకాలువ పూడిపోయి ఉంటే చివరి ఆయకట్టుకు నీరందదు. ఇదీ అంతే. గుమ్మం దాకా వచ్చిన నెట్‌కు లోటేమీ లేదు, గుమ్మం నుంచి గది దాకా వెళ్లే దారిలోనే ఉంది చిక్కంతా. ఆ దారిని బాగుచేస్తాయంటూ ఇప్పుడు మెష్ వైఫై సెట్లు విరివిగా అమ్ముతున్నారు. నిజంగానే బాగుచేస్తాయి, ఒక షరతు మీద. ఇంటర్నెట్ తెచ్చే పని పాత మోడెమ్‌కే ఉంచాలి. వైఫై పంచే పని మాత్రం దాని చేతిలోంచి పూర్తిగా తీసేసుకోవాలి. ఇళ్లలో సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు: ఒకే పనిని రెండు పెట్టెలూ చేస్తుంటాయి, ఒకదాని కాళ్లకు ఒకటి అడ్డం పడుతుంటాయి.

ముందు గోడల సంగతి చూడాలి. అమెరికాలో మామూలు ఇళ్లలో లోపలి గోడ అంటే కర్ర ఫ్రేముకు రెండువైపులా కొట్టిన జిప్సం బోర్డు. మన ఇళ్లలో లోపలి గోడే నాలుగున్నర అంగుళాల ఇటుక, బయటిది తొమ్మిది అంగుళాలు, మధ్యలో కాంక్రీటు పిల్లర్లు, నెత్తిన చువ్వలు అల్లిన శ్లాబు. హైదరాబాద్‌లో అల్యూమినియం అచ్చుల్లో పోసే ఎత్తైన అపార్ట్‌మెంట్లలో, బిల్డర్లు మైవాన్ అనే పద్ధతిలో, గదికీ గదికీ మధ్య ఉన్నది కూడా కాంక్రీటే. రేడియో తరంగాలకు జిప్సం బోర్డు ఒక లెక్కలోది కాదు. ఇటుక అడ్డమే, కాంక్రీటు ఇంకా పెద్ద అడ్డం, ఇనుప బీరువా అయితే దాటడమే కష్టం. వైఫై నడిచే బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ కాస్త మేలుగా గోడలు దాటుతుంది గానీ అందులో ఒకదానికొకటి తగలని ఛానళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఇరుగుపొరుగు మోడెమ్‌లన్నీ ఆ మూడింటి మీదే కొట్టుకుంటుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో వేగమూ ఎక్కువే, ఛానళ్లూ ఎక్కువే. 2018 అక్టోబరులో కేంద్రం ఈ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్ జాగాను లైసెన్సు అక్కర్లేకుండా తెరిచింది. కానీ గోడ తగిలితే ముందుగా చతికిలబడేదీ ఇదే. అందుకే డల్లాస్‌లో ఉన్న కొడుకు ‘ఒక్క బాక్స్ పెట్టుకోండి నాన్నా, మా ఇంట్లో పైనా కిందా అంతా వస్తోంది’ అన్నాడంటే అబద్ధం చెప్పడం లేదు, ఆ గోడలు వేరు. రౌటర్ అట్టపెట్టె మీద ముద్రించిన చదరపు అడుగుల లెక్క కూడా అడ్డంకులు తక్కువున్న చోటికి సరిపోయేదే. మన ఇళ్లకు దాన్ని సగానికి తగ్గించి చదువుకోవడం మంచిది.

ఏ గదిలో ఎంత సిగ్నల్ అందుతోందో ఊహించనక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఫోన్లలో దాన్ని అంకెల్లో చూపించే ఉచిత యాప్‌లు ఉన్నాయి. ఆ అంకె డీబీఎంలలో, మైనస్ గుర్తుతో ఉంటుంది. మైనస్ 50 అంటే దివ్యంగా ఉన్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్‌కు ఢోకా ఉండదు. మైనస్ 80కి వచ్చిందంటే గీతలు కనబడతాయి, పని మాత్రం జరగదు. ఈ లెక్కలో పది తేడా అంటే శక్తిలో పదింతల తేడా, కాబట్టి మైనస్ 60కీ మైనస్ 80కీ మధ్య ఉన్నది వందరెట్లు. ‘అలాంటప్పుడు పెద్ద యాంటెన్నాలున్న బలమైన రౌటర్ కొంటే పోదా?’ అని అడగవచ్చు. పోదు, ఎందుకంటే వైఫై ఒకవైపు మాట్లాడే రేడియో స్టేషన్ కాదు. రౌటర్ గొంతు ఎంత పెంచినా, దానికి బదులు చెప్పాల్సింది మన చేతిలోని చిన్న ఫోను. దాని సిగ్నల్ రౌటర్‌కు వినబడకపోతే గీతలు నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోదు. ఫోనుకు దగ్గరగా ఓ చిన్న బాక్స్ ఉండటమే దీనికి మందు. 2016లో ఈరో అనే కంపెనీ, ఆ వెంటనే గూగుల్ తమ మెష్ సెట్లతో ఇళ్లకు పరిచయం చేసిన ఆలోచన ఇదే: ఒక పెద్ద బాక్స్ బదులు రెండు మూడు చిన్నవి, అన్నిటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్.

అసలు మెష్ దాకా వెళ్లాలా అన్నదీ అడగవలసిన ప్రశ్నే. తొమ్మిది వందల చదరపు అడుగుల రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో చాలాసార్లు అక్కర్లేదు. మోడెమ్ ఒక మూల ఉండటానికి కారణం అక్కడ సిగ్నల్ బాగుంటుందని కాదు, వైరు లాగిన కుర్రాడికి ఆ మూల దగ్గరైంది. దాన్ని టీవీ క్యాబినెట్‌లోంచి బయటికి తీసి, ఇంటి నడిమధ్యకు, ఛాతీ ఎత్తుకు జరిపిస్తే సగం రోగం కుదురుతుంది. ఫైబర్ వైరును మెలితిప్పి మనమే లాగకూడదు, లోపలిది గాజు పోగు. టెక్నీషియన్‌ను పిలిపించి పొడవైన వైరు వేయించుకోవాలి. ఇలా జరిపినా లాభం లేని ఇళ్లు ఉన్నాయి: కింద అమ్మానాన్నలు, పైన కొడుకు కుటుంబం ఉండే రెండంతస్తుల ఇల్లు, పొడుగ్గా రైలు పెట్టెల్లా గదులున్న పాత ఇల్లు, మైవాన్ గోడల మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. మెష్ అవసరం వీటికి.

‘రిపీటర్ అయితే ఇంకా చవగ్గా వస్తుంది కదా’ అనేది కొట్టిపారేయలేని అభ్యంతరం. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో ఒక చెవిని మోడెమ్ వైపు, ఒక నోటిని ఫోను వైపు పెడుతుంది. రెండూ ఒకేసారి చేయలేదు గనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది. అయితే ఇక్కడ అమ్మేవాళ్లు చెప్పని విషయం ఒకటుంది. మెష్ బాక్సులు కూడా ఒకదానితో ఒకటి గాలిలోనే మాట్లాడుకుంటే ఇదే నష్టం వాటికీ తప్పదు. తమ మధ్య మాటలకు విడిగా మూడో రేడియో ఉన్న ఖరీదైన సెట్లలో ఈ నష్టం తగ్గుతుంది, అదీ ఆ రేడియోకు మధ్యలో శ్లాబు అడ్డం రానంతవరకే. పైగా జనం రెండో బాక్స్‌ను తీసుకెళ్లి సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. దానికే సిగ్నల్ అందకపోతే అది మనకేం పంచుతుంది? ఆ గదికీ మొదటి బాక్స్‌కూ నడుమ, మైనస్ 60, 65 అందే చోట పెట్టాలి. అంటే డబ్బు పెట్టాల్సింది మెష్ అనే పేరు మీద కాదు, బాక్సుల మధ్య దారి మీద. ఆ దారుల్లో అన్నిటికన్నా గట్టిదీ చవకైనదీ ల్యాన్ వైరు. వైరు మీద నడిచే రెండు మామూలు బాక్సులు, గాలిలో నడిచే మూడు ఖరీదైన బాక్సులను మన ఇళ్లలో సునాయాసంగా మించిపోతాయి.

వైరనగానే ‘గోడలు తవ్వాలా?’ అని భయపడతారు. చాలా ఇళ్లలో అక్కర్లేదు. ఇప్పుడు ఎవరూ వాడని డిష్ కేబుల్ పైపో, ల్యాండ్‌లైన్ పైపో గోడల్లో ఊరికే పడి ఉంటుంది. ఆ పాత కేబుల్‌కే కొత్త వైరు కట్టి ఇవతలి నుంచి లాగితే వచ్చేస్తుంది. అది లేకపోతే స్కర్టింగ్ వెంబడి తెల్ల ప్లాస్టిక్ పట్టీలో, పై అంతస్తుకైతే బయటి గోడ మీదుగా ఎండావానలకు తట్టుకునే రకం వైరుతో వెళ్లవచ్చు. క్యాట్ 5ఈ రకం వైరు కూడా వంద మీటర్ల దాకా గిగాబిట్ వేగం మోస్తుంది, క్యాట్ 6 వేసుకుంటే ఇంకా నిశ్చింత. కన్నేసి ఉంచాల్సింది దాని కొసల మీద. వైరు లోపల ఎనిమిది రంగుల తీగలుంటాయి, ప్లగ్గులో ఎనిమిదీ కూర్చోవాలి. నాలుగింటితో ముగించేస్తే నెట్ వస్తుంది గానీ 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. ప్లగ్గు పారదర్శకంగానే ఉంటుంది, వెలుతురుకు ఎత్తి లెక్కపెడితే తెలిసిపోతుంది. మోడెమ్ మీద, మెష్ బాక్స్ మీద ఉన్న పోర్టులు గిగాబిట్‌వో కావో కూడా చూడాలి. 300 ప్లాన్ తీసుకుని 95 దగ్గర ఆగిపోయే ఇళ్లలో ముందుగా అనుమానించాల్సింది ఈ రెంటినే.

ఇక పాత మోడెమ్. ఫైబర్ ఇళ్లలో మనం మోడెమ్ అని పిలిచేది నిజానికి రెండు మూడు పనులు కలిసిన పెట్టె. గాజు పోగులో వెలుతురుగా వచ్చేదాన్ని వైరులో నడిచే సిగ్నల్‌గా మార్చడం మొదటి పని. దాని సీరియల్ నంబరు కంపెనీ దగ్గర నమోదై ఉంటుంది, బజారులో కొన్న వేరే పెట్టెకు ఫైబర్ గుచ్చితే లైను లేవదు. ల్యాండ్‌లైన్ ఫోను కూడా చాలాచోట్ల దీని వెనక నుంచే మోగుతుంది. ముందు దీపాల్లో పాన్ అని రాసినది పచ్చగా నిలకడగా వెలుగుతుంటే బయటి లైను బాగున్నట్టు. లాస్ అని రాసినది ఎర్రగా మిణుకుమంటుంటే ఎక్కడో వైరు తెగో వదులయ్యో ఉంటుంది, మెష్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం లేదు. రెండో పని, ఇంట్లోని పరికరాలన్నిటికీ లోపలి చిరునామాలు ఇచ్చి, వాటిని బయటి నెట్‌తో కలపడం. మూడోది వైఫై. మొదటిది మనం తీసుకోలేం, మూడోది తీసుకుని తీరాలి. వాదమంతా రెండోదాని గురించే.

మెష్ సెట్ తెచ్చి, మోడెమ్ నుంచి వైరు గుచ్చి, యాప్ చెప్పినట్టు నొక్కుకుంటూ పోతే చాలా సెట్లు రౌటర్ మోడ్‌లోనే కూర్చుంటాయి. అంటే చిరునామాలు ఇచ్చేవాళ్లు ఇంట్లో ఇద్దరవుతారు. నెట్ వస్తుంది కాబట్టి తేడా వెంటనే తెలియదు. కొన్నాళ్లకు, మోడెమ్‌కు గుచ్చిన సీసీ కెమెరాల బాక్స్ ఫోన్ యాప్‌లో కనబడదు, ప్రింటర్ దొరకదు, ఫోన్లోది టీవీ మీద వేద్దామంటే టీవీ జాబితాలోనే ఉండదు. ఒకే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు పుట్టాయన్నమాట. దీనికి శుద్ధమైన పరిష్కారం మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి, రెండో పని కూడా మెష్‌కు అప్పగించడమేనని సాంకేతిక నిపుణులు చెబుతారు. సిద్ధాంతం ప్రకారం వాళ్ల మాట నిజమే. ఆచరణలో బ్రిడ్జ్‌కు కంపెనీ ఒప్పుకోవాలి, కొన్నిచోట్ల లాగిన్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి, ల్యాండ్‌లైనూ కంపెనీ టీవీ బాక్సూ మళ్లీ సర్దుబాటు చేయాలి. నెట్ పోయినప్పుడు వచ్చే టెక్నీషియన్ మోడెమ్‌ను రీసెట్ చేస్తే ఆ కష్టమంతా గాలికి పోతుంది. మామూలు ఇంటికి దీనికన్నా సులువు, మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం. అప్పుడు చిరునామాలు మోడెమే ఇస్తుంది, మెష్ వైఫై మాత్రమే పంచుతుంది, ఇల్లంతా ఒకే నెట్‌వర్క్. దీనివల్ల పోయేవీ ఉన్నాయి: పిల్లల ఫోన్లకు సమయం కట్టడి చేసే సదుపాయం లాంటివి ఈ మోడ్‌లో కొన్ని సెట్లలో పనిచేయవు. అదే ముఖ్యమనుకునే వాళ్లకు బ్రిడ్జ్ కోసం కంపెనీ వెంట పడటం తప్పదు. కొన్ని సెట్లు ఒకటికి మించి బాక్సులుంటే ఈ మోడ్‌నే ఇవ్వవు, అది కొనేముందే తేల్చుకోవాలి.

మోడ్ మార్చాక చేయాల్సింది మోడెమ్ వైఫైని ఆపేయడం, రెండు బ్యాండ్లూ. ‘ఉంటే ఉండనీ, అదనంగా సిగ్నల్ వస్తుంది కదా’ అని వదిలేస్తారు. ఏ బాక్స్‌ను పట్టుకోవాలో నిర్ణయించేది ఫోనే. మెష్ బాక్సులు దానికి సలహా ఇవ్వగలవు, మోడెమ్ ఆ జట్టులోది కాదు. పాత పరిచయంతో ఫోను మోడెమ్‌నే పట్టుకు వేలాడి, పక్కనే కొత్త బాక్స్ ఉన్నా మైనస్ 78లో కొట్టుకుంటుంది. మెష్‌కు మోడెమ్ పాత వైఫై పేరూ పాస్‌వర్డూ అక్షరం పొల్లుపోకుండా పెట్టేస్తే ఇంకో లాభం: టీవీ, కెమెరా, గీజరు స్విచ్చు, అత్తగారి ఫోను దేన్నీ మళ్లీ కలపనక్కర్లేదు, ఎక్కువభాగం వాటంతట అవే ఎక్కేస్తాయి. చవక కెమెరాలు, స్మార్ట్ బల్బులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఎరుగుతాయి గనుక ఆ బ్యాండును మెష్‌లో ఆపకూడదు.

కరెంటు పోయినప్పుడు మోడెమ్ ఇన్వర్టర్ మీద వెలుగుతూనే ఉంటుంది, పై అంతస్తు బాక్స్ ఆరిపోతుంది. మన ఇళ్లలో ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకు, లైట్లకు, ఏవో ఒకటి రెండు ప్లగ్గులకు మాత్రమే ఇస్తారు. ప్రతి మెష్ బాక్స్‌నూ ఆ లైనున్న ప్లగ్గుకే పెట్టాలి, లేదా బాక్స్ అడాప్టర్ మీద రాసిన ఓల్టేజీకి, ఆంపియర్లకు సరిపడే చిన్న రౌటర్ యూపీఎస్ తగిలించాలి. ఇల్లు కట్టుకుంటున్న వాళ్లకైతే ఈ తిప్పలు చాలావరకు ఉండవు. శ్లాబుకు పైపులు పరిచే రోజున ఎలక్ట్రీషియన్‌కు చెప్పి, హాల్లో మోడెమ్ వచ్చే చోటు నుంచి ప్రతి అంతస్తు మధ్యకూ ఒక పైపు, కరెంటు తీగలు పోయే పైపుతో కలపకుండా విడిగా, ముప్పాతిక అంగుళం కన్నా తక్కువ కాకుండా వేయించుకోవాలి. వైరు ఇప్పుడే కొనకపోయినా ఫరవాలేదు, లాగడానికి లోపల ఒక తీగ వదిలితే చాలు. దాని కొస దగ్గర ఇన్వర్టర్ లైనుతో ఒక ప్లగ్గు కూడా పెట్టమనాలి.