కుక్క వున్నది జాగ్రత్త!

ఉదయం పూట షికారు వెళ్ళేటప్పుడు గేట్లమీది బోర్డులు చదువుతూ పోవడం నాకొక కాలక్షేపం. ఇంటి యజమాని పేరు చిన్న అక్షరాలతోనూ, కుక్క సంగతి పెద్ద అక్షరాలతోనూ వుండడం మా పేటలో పరిపాటి. "కుక్క వున్నది జాగ్రత్త" అని కొందరు ఏకవచనంతో సరిపెట్టుకుంటారు. "కుక్కలున్నవి జాగ్రత్త" అని బహువచనం వేయించేవారు కొందరు. ఒక ఇంట్లో కుక్క కాలం చేసి మూడేళ్ళయినా బోర్డు మాత్రం విశ్వాసంగా కాపలా కాస్తూనే వున్నది. ఇంకొక ఇంట్లో కుక్క ఏనాడూ లేదు. బోర్డుకు తిండి పెట్టనక్కరలేదుగదా అని బోర్డునే పెంచుకుంటున్నారు.

మా పొరుగింటివారిది మాత్రం ఉత్తుత్తి బోర్డు కాదు. నిఖార్సయిన జర్మన్ షెపర్డు వున్నది. ఒకరోజు అది పాలవాడిమీదికి ఎగబడిందని తెలిసి ఆయనను పలకరించాను.

"బోర్డు పెట్టాం గదండీ! చూసుకుని రావద్దూ? ఇంక మన పూచీ ఏమున్నది?" అన్నారాయన.

ఆయన చదువుకున్నవారు, నెమ్మదస్తులు. ఆ మాట కఠినంగానూ అనలేదు. బోర్డు కట్టగానే బాధ్యత తీరిపోయిందని ఆయన నిజంగానే నమ్ముతున్నారు. మనలో చాలామంది నమ్మకమూ అదే. కాని చట్టం ఈ నమ్మకాన్ని ఏమాత్రం మన్నించదు.

పాతకాలపు పూచీ

ఈ బోర్డు నిన్న మొన్నటిది కాదు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై ఇటలీలోని పాంపేయి పట్టణం బూడిదకింద కప్పబడిపోయింది. తవ్వకాలలో బయటపడిన ఒక ఇంటి గుమ్మంలో, రంగురాళ్ళు పొదిగి చేసిన గొలుసుకుక్క బొమ్మ వున్నది. దానికింద "కావే కానెమ్" అని రెండు లాటిన్ మాటలు. కుక్క వున్నది జాగ్రత్త అనే అర్థం.

ఇలా హెచ్చరించిన ఆ రోమనులే మరొక ఏర్పాటు కూడా చేసుకున్నారు. జనం నడిచే బాట పక్కన ప్రమాదకరమైన జంతువులను వుంచకూడదని వారి అధికారులు శాసించారు. తోడేలు, ఎలుగుబంటి, చిరుత, సింహం - ఆ జాబితాలో కుక్క కూడా వున్నది! గుమ్మంలో బొమ్మ వుంది గదా అని బాటమీది మనిషిని గాలికి వదిలెయ్యలేదన్నమాట.

అంతకంటే పాతది బాబిలోనియా రాజు హమ్మురాబి ధర్మశాసనం. దాదాపు 3,750 ఏళ్ళనాటి మాట. దారిన పోయే ఎద్దు హఠాత్తుగా ఒక మనిషిని పొడిచి చంపితే యజమాని తప్పు లేదు. కాని ఆ ఎద్దుకు పొడిచే అలవాటున్నదని వూరివారు చెప్పినా అతడు దానిని కట్టివెయ్యకపోతే జరిమానా ఇచ్చుకోవలసిందే. మన కౌటిల్యుడు మరో మెట్టు ఎక్కాడు. కొమ్ములో కోరలో వున్న జంతువు మనిషిని హింసిస్తూ వుంటే విడిపించని యజమానికి దండన విధించాడు. "రక్షించండి" అని కేక వేసినా కదలకపోతే అది రెట్టింపు.

శాస్త్రాలు చదవకపోయినా మన పల్లెటూళ్ళ రైతులకు ఈ న్యాయం తెలుసు. ఆగడం చేసే గొడ్డు మెడకు గుదికొయ్య కట్టేవారు. గొడ్డు గుణం తెలిసిన తరువాత వూరుకోవడం తప్పు - అన్ని కాలాల చట్టాలకూ మూలసూత్రం ఇదే.

మన చట్టం మాట

1860 నాటి శిక్షాస్మృతిలో ఇందుకు 289వ సెక్షను వుండేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 291వ సెక్షను అయింది. తన స్వాధీనంలో వున్న జంతువువల్ల మనిషి ప్రాణానికి గాని, తీవ్రమైన గాయానికి గాని అవకాశం వున్నప్పుడు, తెలిసిగాని అజాగ్రత్తవల్లగాని తగిన ఏర్పాట్లు చెయ్యనివాడు శిక్షార్హుడు. ఆరు నెలలదాకా ఖైదు, లేదా 5,000 రూపాయలదాకా జరిమానా, లేదా రెండూను. పాత చట్టంలో జరిమానా 1,000 రూపాయలు మించేది కాదు.

ఈ సెక్షనులో గమనించవలసినవి రెండు వున్నాయి. కుక్క కరిచి తీరాలని ఇందులో లేదు. ప్రమాదం పొంచివున్నా ఏర్పాటు లేకపోవడమే నేరం. రెండవది, బోర్డు కట్టినవాడికి మినహాయింపు అని ఎక్కడా లేదు. "తగిన ఏర్పాట్లు" అన్నారు. కుక్క విప్పేసి వుండి, గేటు గొళ్ళెం వూడి వుంటే, రేకుముక్క మీద నాలుగు మాటలు తగిన ఏర్పాటు అవుతాయా అన్నది న్యాయాధిపతి తేలుస్తారు.

నిర్లక్ష్యంవల్ల తీవ్రమైన గాయమే తగిలితే 125వ సెక్షను కింద మూడేళ్ళదాకా ఖైదు పడవచ్చు. పదిహేను రోజులపాటు మనిషి తన మామూలు పనులు చేసుకోలేకపోతే అదికూడా తీవ్రమైన గాయం కిందికే వస్తుంది. ప్రాణమే పోతే 106వ సెక్షను, అయిదేళ్ళు.

ఇది నేరం సంగతి. నష్టపరిహారం దావా వేరు. ఆ విషయంలో మన కోర్టులు చాలావరకు ఇంగ్లీషు న్యాయసూత్రాలను అనుసరిస్తాయి. కుక్కకు కరిచే గుణం వున్నదని యజమానికి తెలుసునా అన్నది పాత ప్రశ్న. "ప్రతి కుక్కకూ మొదటి కాటు మాఫీ" అని ఇంగ్లండులో ఒక లోకోక్తి పుట్టింది అందుకే. అయితే నిర్లక్ష్యం రుజువైనప్పుడు మొదటి కాటుకైనా మాఫీ లేదు. ఇక్కడ మన బోర్డు ఎదురు తిరిగే ప్రమాదంకూడా వున్నది. "కుక్క మంచిది కాదని తెలిసేగదా జాగ్రత్త అని రాయించారు?" అని అవతలి వకీలు అడిగితే ఏం చెబుతాం? "మొరిగే కుక్క కరవదు" అనే సామెతను సాక్ష్యంగా పుచ్చుకోరుగదా!

చదువురాని గస్తీవాడు

1830లో ఇంగ్లండులో జరిగిన దావా ఒకటి నాకు మరపు రాదు. ఒక గస్తీవాడిని ఒక ఇంటి ఆవరణలో కుక్క కరిచింది. కుక్క వున్నదని అక్కడ బోర్డు వున్నమాట నిజమే. కాని పాపం, గస్తీవాడికి చదువు రాదు. చదవలేనివాడికి బోర్డు హెచ్చరిక కాజాలదని కోర్టు అతని పక్షానే నిలిచింది.

మన గేట్ల దగ్గరికి వచ్చేవారెవరో ఒకసారి తలుచుకోండి. పాలవాడు, పనిమనిషి, చెత్త తీసుకుపోయే అమ్మాయి, గ్యాసుబండ మోసుకొచ్చేవాడు, బంతి లోపల పడితే పరుగెత్తుకొచ్చే ఆరేళ్ళ పిల్లవాడు. మన బోర్డులలో సగం ఇంగ్లీషులో "బివేర్ ఆఫ్ డాగ్స్" అని వుంటాయి. ఆ ఇంగ్లీషు చదవగలవాడు కారులో వచ్చి హారను కొడతాడు. గొళ్ళెం తీసుకుని నడిచి వచ్చేవారిలో చాలామందికి అది చదవడం రాదు.

పైగా వీరంతా మన పనిమీద వస్తున్నవారు. గేటునుంచి గుమ్మందాకా నడిచే హక్కు వారికి మనమే ఇచ్చాము. పిలవకపోయినా పిలిచినట్లే లెక్క. పోస్టుమానుకు తలుపు తట్టే అనుమతి వున్నప్పుడు, ఆ పది గజాల దారి క్షేమంగా వుంచే పూచీ ఇంటివారిదే.

2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఏం జరిగిందో చాలామంది పత్రికల్లో చదివే వుంటారు. ఆర్డరిచ్చిన తిండి పట్టుకుని ఒక యువకుడు మూడో అంతస్తులోని ఇంటికి వెళ్ళాడు. తలుపు తెరవగానే ఆ ఇంటి జర్మన్ షెపర్డు అతనిమీదికి వచ్చింది. భయపడి పరుగెత్తి, తప్పించుకోబోయి పైనుంచి పడిపోయాడు. కొద్దిరోజులకు ఆస్పత్రిలో ప్రాణం విడిచాడు. పోలీసులు యజమానిమీద కేసు పెట్టారు. కుక్క పంటిగాటుతో పోయిన ప్రాణం కాదది. తలుపు తీసేముందు కుక్కను గదిలో పెట్టి గడియ వెయ్యడానికి అరనిమిషం పడుతుంది. ఆ అరనిమిషం విలువ ఏ బోర్డూ చెప్పదు.

మరి దొంగ సంగతో?

"దొంగ వచ్చినా మనమే పరిహారం ఇచ్చుకోవాలా?" అని మా పొరుగాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

లండనులో పాతకార్ల సామాను దాచే ఒక ఆవరణలో రాత్రిళ్ళు కుక్కను వదిలేవారు. పెద్ద అక్షరాలతో బోర్డుకూడా పెట్టారు. కుక్క వున్నదని తెలిసికూడా ఒకామె రాత్రివేళ అనుమతి లేకుండా లోపలికి వెళ్ళి కాట్లు తిన్నది. 1976లో లార్డ్ డెన్నింగ్ మొదలైన అప్పీలు న్యాయమూర్తులు యజమానికి పూచీ లేదన్నారు. హక్కు లేనిచోట, ప్రమాదం తెలిసి అడుగు పెట్టింది గనుక ఆమెదే పొరపాటన్నారు. బోర్డు పనికివచ్చిన సందర్భం అదీ. కాని అంతకుముందే, 1975లో, ఆ దేశపు పార్లమెంటు కాపలాకుక్కలకోసం ఒక చట్టం చేసింది. కుక్కను అదుపు చేయగల మనిషి అక్కడ వుండాలి, లేదా కుక్కను కట్టివెయ్యాలి. ప్రతి ప్రవేశద్వారం దగ్గరా హెచ్చరికకూడా వుండాలి. మనిషీ గొలుసూ ముందు, బోర్డు తరువాత.

ఇలాగే, కుక్కను రాళ్ళతో కొట్టి రెచ్చగొట్టినవాడికి పరిహారం తగ్గవచ్చు, అసలే రాకపోవచ్చు. గోడ లోపల, రాత్రివేళ, దొంగభయానికి కుక్కను వదులుకోవడం తప్పు కాదు. పట్టపగలు, తెరిచిన గేటు దగ్గర వదలడమే తంటా.

ఖర్చు లేని ఏర్పాట్లు

బోర్డు తీసెయ్యమని నేననడం లేదు. మా ఇంట్లోనూ కుక్క వున్నది, గేటుకు బోర్డూ వున్నది. అయితే దానిని తెలుగులో రాయించండి; పక్కన కుక్క బొమ్మ వేయించండి. బొమ్మ చదవడానికి ఏ బడికీ వెళ్ళనక్కరలేదు. ఎన్ని గేట్లుంటే అన్ని బోర్డులు కావాలి. పిలుపుగంట, వుత్తరాలపెట్టె గేటు బయటివైపున వుంటే సగం ప్రమాదం తీరిపోతుంది. గొలుసు నడిచే దారిదాకా అందకూడదు. పురపాలక సంఘం లైసెన్సు అడిగే వూళ్ళలో లైసెన్సు తీసుకోండి. ఏటేటా రేబిస్ టీకా వేయించి ఆ కార్డు దాచుకోండి.

ఇంత చేసినా కాటు పడితే వాదనకు దిగవద్దు. సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ళకింద పదిహేను నిమిషాలు కడిగించండి. పసుపు, కారం, సున్నం వంటివి పెట్టనివ్వవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. బొడ్డుచుట్టూ పద్నాలుగు ఇంజక్షన్ల భయం ఇప్పుడు లేదు; చేతికి వేసే నాలుగైదు టీకాలతో సరిపోతుంది. గాయం లోతును బట్టి డాక్టరు మరొక మందుకూడా గాయంలో ఎక్కిస్తారు. లక్షణాలు పైకి కనిపించాక రేబిస్‌నుంచి బతికి బయటపడడం దాదాపు అసాధ్యం గనుక ఇందులో ఒక్కరోజు ఆలస్యమూ పనికిరాదు. ఆ ఖర్చు, పనికి రాలేని రోజుల కూలి మీరే ఇచ్చెయ్యండి. కోర్టు ఇప్పించేదాకా ఆగడం మర్యాద కాదు.

ఈ ఆదివారం తీరిక చేసుకుని మీ గేటు బయట, చేతిలో పాలక్యాను వున్న మనిషిలా ఒకసారి నిలబడి చూడండి. బోర్డు కనిపిస్తున్నదా, చదవడానికి వీలుగా వున్నదా, గొళ్ళెం సరిగా పడుతున్నదా, కుక్క ఎక్కడిదాకా రాగలదు? మీ కుక్క మీకు ముద్దే. మీ చెయ్యి నాకే కుక్క కొత్తవాడి పిక్క పట్టుకోదని ఆ నిలబడ్డ మనిషికి ఎలా తెలుస్తుంది?